ఇటలీలో తిండి యాత్రకు మకాం ఎక్కడ? తిరుగులేని సలహాలు

ఇటలీకి తినడానికే వెళ్తున్నామని చెప్పుకోవడానికి మొహమాటపడకండి. మకాం పెట్టే ఊరిని మాత్రం తిండిని బట్టి ఎంచుకోకండి. ఊరంటే ముందు ఫోటో బాగా రావాలి. వెనకాల కొలోసియమో గొండోలానో కనిపించకపోతే మీరు ఇటలీ వెళ్లొచ్చారంటే పక్క ఫ్లాటువాళ్లు నమ్ముతారా? తిండిదేముంది, ఎక్కడైనా దొరుకుతుంది. దేశమంతా ఇటాలియన్ భోజనమే కదా.

ఈ చివరి మాట మీద గట్టిగా నిలబడండి. ఇటలీ 1861లో ఒకే రాజ్యమైంది కాబట్టి వంటలు కూడా ఆ రోజే ఒకటైపోయాయని లెక్క. పలెర్మోలో శనగపిండి పానెల్లేని బన్నులో పెట్టి అమ్మడం, ఫ్లోరెన్స్‌లో ఆవు పొట్టలోని నాలుగో గదిని ఉడికించి లాంప్రెదొత్తో పేరుతో బండి మీద పెట్టడం, ఇవన్నీ స్థానికుల చాదస్తాలు. మీరు నేపుల్స్‌లో రిసోట్టో అడగండి. ఫ్లోరెన్స్‌లో బ్రెడ్డు చప్పగా ఉందని గొడవ పెట్టుకోండి. టస్కనీలో అసలు ఉప్పు లేకుండానే కాలుస్తారని వాళ్లేదో సంజాయిషీ చెప్తారు, వినకండి. బొలోన్యా వెళ్తే స్పగెట్టి బొలోనేస్ తెమ్మనండి. అక్కడివాళ్లు రగూ అనే మాంసం కూరని స్పగెట్టితో కాదు, గుడ్డు కలిపి చేసిన టాలియాతెల్లేతో తింటారు. ఉడికాక దాని వెడల్పు 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో బంగారు నమూనా చేయించి మరీ అక్కడి వాణిజ్య మండలిలో దాచారు. ఇంత పట్టింపున్న మనుషుల మధ్య మకాం పెడితే మనశ్శాంతి ఉంటుందా?

అసలు ఈ బొలోన్యా గురించి ముందే హెచ్చరించాలి. తిండి తెలిసినవాళ్లలో చాలామంది ఆ పేరే చెప్తారు. పడిపోకండి. చూడ్డానికి ఏముందక్కడ? 1088లో పుట్టిందని చెప్పుకునే విశ్వవిద్యాలయం, ఎండావానా తగలకుండా ఊరంతా నడిపించే వసారాలు. వాలిన గోపురం ఒకటి అక్కడా ఉంది గానీ, 2023లో దాని చుట్టూ కంచె వేశారు. పీసాలోలాగా చేత్తో ఆపుతున్నట్టు ఫోజు పెట్టే వీలు కూడా సరిగ్గా లేదు.

దాని అసలు దోషం రైళ్లు. క్రీ.పూ. 187లో ఎమీలియుస్ లెపిదుస్ అనే రోమన్ కాన్సుల్ రిమిని నుంచి పియచెంజా దాకా తిన్నగా ఒక రోడ్డు వేయించాడు. ఇవాళ్టి రైలుమార్గం దాదాపు దాని వెంబడే పోతుంది. పార్మా, రెజ్జో ఎమీలియా, మోదెనా, బొలోన్యా ఆ దారి మీద పూలదండలా వరసగా ఉంటాయి. బొలోన్యా నుంచి మోదెనాకు అరగంట, పార్మాకు ఇంచుమించు గంట. మామూలు రీజనల్ రైలు చాలు. దానికి ముందుగా బుకింగ్ అక్కర్లేదు, ఎప్పుడు కొన్నా ధర ఒకటే. ఫ్లోరెన్స్ వెళ్లాలన్నా వేగం రైల్లో నలభై నిమిషాల లోపే. పొద్దున ఒక ఊళ్లో జున్ను, మధ్యాహ్నం ఇంకో ఊళ్లో హ్యామ్, రాత్రికి మళ్లీ అదే గది, అదే మంచం. మరి ఇరవై మూడు కిలోల సూట్‌కేసు అంతదూరం మోసుకొచ్చింది ఎందుకు? రోజుకో ఊరు, ఊరికో హోటలు పెట్టుకుంటే దాన్ని రాళ్లు పరిచిన వీధుల్లో కసితీరా లాగొచ్చు.

ఒకే చోట ఉండాలని పట్టుబడితే రోములో ఉండండి. విమానం దిగేది అక్కడే కదా. పార్మిజానో రెజ్జానో తయారీని కూడా అక్కణ్నుంచే వెళ్లి చూడండి. ఈ జున్ను చేసేవాళ్లు సాయంత్రం పాలను వెడల్పాటి తొట్లలో రాత్రంతా నిలవబెట్టి, పైకి తేలిన మీగడ తీసేసి, పొద్దున పితికిన పాలతో కలిపి గంట ఆకారపు రాగి కాగుల్లో పోస్తారు. దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వేస్తే పాలు గట్టిపడతాయి. దాన్ని తీగల కవ్వం లాంటి పరికరంతో గింజంత ముక్కలు చేసి, వేడిచేసి, అడుగుకు చేరిన ముద్దను గుడ్డలోకి పైకెత్తుతారు. ఆ ముద్దను రెండుగా కోసి కవలల్లా రెండు మూటలు కడతారు. ఒక్కో చక్రానికి సుమారు 550 లీటర్ల పాలు. తయారయ్యేది ఇంచుమించు నలభై కిలోలు. తర్వాత కనీసం పన్నెండు నెలలు మాగాలి. ఆపైన పరీక్షకుడు వచ్చి చిన్న సుత్తితో తట్టి, చప్పుడు విని లోపల పగుళ్లున్నాయో లేదో చెప్తాడు.

మూట పైకి లేచే ఘట్టం పొద్దున్నే అయిపోతుంది. ఆదివారమైనా అంతే; ఆవులకు సెలవుల్లేవు. రోము నుంచి తీరిగ్గా కాఫీ తాగి బయల్దేరితే మీరు చేరేసరికి కాగులు కడిగేసి ఉంటాయి. తోమిన రాగి ఫోటోలో బాగా పడుతుంది.

మోదెనాలో వెనిగర్ మాగే అటకల జోలికి అసలు పోకండి. ద్రాక్షరసాన్ని కాచి, పెద్దదాని పక్కన చిన్నదిగా పేర్చిన పీపాల్లో ఏళ్ల తరబడి మాగబెడతారు. సంప్రదాయ వెనిగర్ అనిపించుకోవాలంటే కనీసం పన్నెండేళ్లు, ఎక్స్‌ట్రావెక్కియోకు ఇరవై అయిదేళ్లు పట్టాలి. వెళ్లి చూడాలంటే ముందు ఫోన్ చేసి వేళ అడగాలి. సెలవులకు వచ్చి ఒకరి వేళ అడగడమేమిటి?

ఇక శాకాహారులకు. మీరు మాత్రం తప్పకుండా బొలోన్యాలోనే దిగండి, ఎవర్నీ ఏమీ అడక్కండి. అడిగితే నిజం చెప్తారు: టోర్టెల్లీనిలో పంది మాంసం, ప్రొషూట్టో, మోర్టడెల్లా కూరుతారని, ఉడికించేది మాంసం రసంలోనని, పైన చల్లిన జున్నులో రెన్నెట్ ఉందని. ఈ బెడద లేకుండా దక్షిణాన నేపుల్స్‌లోనో బారిలోనో మకాం పెట్టొచ్చని ఎవరైనా అంటే కొట్టిపారేయండి. నేపుల్స్‌లో మరినారా పిజ్జా అంటే టొమాటో, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే. జున్ను పేరే ఉండదు. బారి ఉన్న పుల్యా ప్రాంతంలో ఎండు ఫావా చిక్కుడు గింజల్ని ఉడికించి మెదిపి, చేదు చికోరీ ఆకు పక్కన పెట్టి, ఆలివ్ నూనె పోసి ఇస్తారు. పప్పూ ఆకుకూరా తినడానికి యూరప్ దాకా వెళ్లాలా? ఇంత చెప్పినా దక్షిణానికే వెళ్లి సుఖపడతానంటే మీ ఇష్టం.

కాలం విషయంలో ఆగస్టు నడుమకు మించింది లేదు. ఆగస్టు 15 ఫెర్రగోస్తో పండగ. ఆ రోజుల్లో మంచి భోజనశాలల యజమానులు తలుపులకు తాళం వేసి సముద్రానికి పోతారు, రద్దీ ఉండదు. వారాల్లో సోమవారం శ్రేష్ఠం. ఆ రోజు వెనిస్‌లో రియాల్తో చేపల సంతకు వెళ్తే వాసన కూడా రాదు. ఎందుకంటే అది ఆది, సోమవారాలు మూసే ఉంటుంది. ఆకలి సాయంత్రం నాలుగింటికి వేసేలా చూసుకోండి. చాలా వంటగదులు మధ్యాహ్నం రెండున్నరకు మూసి మళ్లీ ఏడున్నరకు గానీ తెరవవు. ఆ వేళలో బొమ్మల మెనూ పట్టుకుని, చెయ్యూపి పిలిచే హోటళ్లే మిగులుతాయి. ఎంచుకునే శ్రమ తప్పుతుంది.

వంటగది ఉన్న గది తీసుకోకండి. తీసుకుంటే మోదెనాలో 1931 నుంచి నడుస్తున్న అల్బినెల్లి బజారు లాంటి చోట చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి కొంటాయి. కారు మాత్రం తీసుకుని నేరుగా పాత ఊరి నడిబొడ్డుకు పోనివ్వండి. నిషేధిత ప్రాంతపు కెమెరా మీ నంబరు రాసుకుంటుంది. నెలల తర్వాత జరిమానా ఇంటికొస్తుంది, దాని మీద అద్దె కారు కంపెనీ రుసుము వేరే.

తిరుగు ప్రయాణంలో వెనిగర్ కొనకుండా రాకూడదు. మోదెనా సంప్రదాయ సీసా సరిగ్గా 100 మిల్లీలీటర్లు. చేతిసంచిలో పెట్టుకున్నా ద్రవాల నియమానికి లోబడే ఉంటుంది, కానీ ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. అందుకని చవకరకంలో పెద్ద సీసా చూసుకుని కొనండి. వైన్ వెనిగర్, ద్రాక్షరసం కలిపి అరవై రోజులు పీపాలో ఉంచితే చాలు, ఆ రకానికి మోదెనా పేరు పెట్టుకోవచ్చు. మీ వీసా పనులకు అంతకన్నా ఎక్కువ రోజులే పట్టి ఉంటాయి.