పట్టా పిల్లది, ప్రాక్టీసు మామది

ఇంట్లో పిల్లలు ఏం చదివినా ఆ చదువు ముందుగా మేనమామకు వచ్చేస్తుంది. మేనకోడలు లా కాలేజీలో చేరిందంటే మామ సెక్షన్లు చెబుతాడు. మేనల్లుడు అగ్రికల్చర్ బీఎస్సీలో చేరిందే తడవు, పక్కవాడి మిరపచేనుకు మందు రాసిచ్చేస్తాడు. ఖమ్మం, భద్రాచలం వైపు ఇలాంటి మామలకు కొదవ లేదు. వాళ్ళలో అరుదైన రకాన్ని ఈ వేసవిలోనే చూశాను. ఆయన స్పీచ్ థెరపిస్టు మామ.

మేనకోడలు చదివింది బీఏఎస్‌ఎల్‌పీ. విడమరిచి చెబితే బ్యాచిలర్ ఆఫ్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ. మూడేళ్ళు క్లాసులు, ఏడాది ఇంటర్న్‌షిప్, వెరసి నాలుగేళ్ళు. ఆ పేరు తడబడకుండా పలకడానికి మామకూ నాలుగేళ్ళే పట్టింది కాబట్టి ఇద్దరూ ఒకేసారి పాసయ్యారనుకోవాలి.

పిల్లను చూడ్డానికి సికింద్రాబాద్ వెళ్ళినప్పుడల్లా మామ కొంత జ్ఞానం మూటగట్టుకుని వచ్చేవాడు. మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం బోర్డు చూశాడు. ఎవరీ జంగ్ అని టీకొట్టు దగ్గర ఆరా తీశాడు. ఉస్మానియాకు వైస్ చాన్స్‌లర్‌గా, మహారాష్ట్రకు గవర్నర్‌గా చేసిన హైదరాబాదీ అనీ, 1983లో ముంబైలో పెట్టిన వినికిడి సంస్థకు ఆయన పేరే పెట్టారనీ తెలుసుకున్నాడు. తిరుగు బస్సు ఖమ్మం చేరేసరికి ఆయన "మా జంగ్ గారు" అయిపోయాడు.

గ్రాడ్యుయేషన్ డే నాడు పిల్లలకు నల్లగౌన్లు, కుచ్చుటోపీలు అద్దెకిచ్చారు. సాయంత్రానికి తిరిగిచ్చేయాలి. మామ ఇంకో రెండు రోజుల అద్దె కట్టి ఆ గౌనును భద్రాచలం పట్టుకొచ్చాడు. మే నెల ఎండలో గోదావరి కరకట్ట మీద పిల్లకు గౌను తొడిగి ఫోటోలు తీయించాడు. దుమ్ముగూడెం నుంచి వచ్చిన ఓ పెద్దాయన ఆగి, ఏంటి సంగతి అని అడిగాడు. "మా మేనకోడలికి పట్టా వచ్చింది" అన్నాడు మామ. "ఎన్నెకరాలకు?" అన్నాడు పెద్దాయన. తప్పు ఆయనది కాదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినప్పటి నుంచి ఈ అడవి అంచున జనం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసేది పోడు పట్టా కోసమే. గౌను వేసుకుని తెచ్చుకునే పట్టా ఒకటుందని ఆయనకు ఎవరు చెప్పారు?

ఆ మర్నాడు సారపాకలో విందు. ఫంక్షన్ హాలు గేటుకు కట్టిన ఫ్లెక్సీలో పిల్ల బొమ్మ పాస్‌పోర్ట్ సైజులో ఉంటే, మామ నిలువెత్తున చేతులు జోడించి ఉన్నాడు. పిల్ల పేరు ముందు "డాక్టర్" అని ఉంది. "మామా, నేను డాక్టర్ని కాను, అట్లా రాయకూడదు" అని పిల్ల దాని మీద కాగితం అంటించింది. "పెద్దయ్యాక అవుతావు కదా బిడ్డా, ఇప్పుడే రాయిస్తే ఫ్లెక్సీ ఖర్చు మిగులుద్ది" అన్నాడు మామ. 1992 నాటి చట్టం ప్రకారం రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరులో పేరు ఎక్కితే తప్ప ఈ వృత్తి చేయకూడదు. పిల్ల ఆ రిజిస్ట్రేషన్ కోసం దరఖాస్తు పెట్టుకుని కూర్చుంది. మామకు అంత ఓపిక లేదు, విందులోనే క్లినిక్ తెరిచేశాడు.

మొదటి కేసు, పది నెలల పాప. పిలిస్తే పలకట్లేదని తల్లి బెంగ. మామ వంటవాళ్ళ దగ్గర స్టీలు పళ్ళెం తెచ్చి, పాప వెనక నిలబడి గరిటెతో ఠంగుమనిపించాడు. పాపతో పాటు హాలంతా తిరిగి చూసింది. "చెవులు బ్రహ్మాండం!" అని తేల్చాడు. పిల్ల పరుగున వచ్చింది. వెనక మనిషి కదిలితే నీడ పడుతుంది, గాలి తగులుతుంది, పాప దానికి కూడా తిరగొచ్చు. పైగా వినికిడి సగం పోయిన చెవికి కూడా పళ్ళెం మోత వినపడుతుంది, అమ్మ మెల్లగా అన్న మాట మాత్రం వినపడదు. చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే ఓఏఈ పరీక్ష ఉంది, పాప నిద్రపోతుంటే నిమిషాల్లో అయిపోతుంది, అనుమానం వస్తే బెరా అనే ఇంకో పరీక్ష చేస్తారు అని తల్లికి చెప్పింది. మామ అంతా విని పళ్ళెం వైపు జాలిగా చూశాడు. తర్వాత ఆ తల్లిని పక్కకు పిలిచి, "ఎందుకైనా మంచిది, వసకొమ్ము కూడా అరగదీసి నాకించు" అన్నాడు. పాత శాస్త్రాన్ని వదులుకోకుండానే కొత్త శాస్త్రాన్ని ఒప్పుకోగలిగిన మనిషి.

రెండో కేసు గట్టిది. ఇప్పపూలు అమ్మడానికి వచ్చిన కోయ అవ్వ వెంట నాలుగేళ్ళ మనవడున్నాడు. మామ వంగి "నీ పేరేంది? ఏం తిన్నవ్? సెల్‌ఫోన్ చూస్తవా?" అని వరసపెట్టి అడిగాడు. వాడు నోరు విప్పలేదు. "స్పీచ్ డిలే. సెల్‌ఫోన్ ఎఫెక్ట్" అన్నాడు మామ. వాళ్ళ గూడెంలో టవరే లేదని అవ్వ ఎంత చెప్పినా వినలేదు. పిల్ల వచ్చి, మనవడితో నువ్వే మాట్లాడమ్మా అంది అవ్వతో. అవ్వ కోయలో ఏదో అడిగిందో లేదో, వాడు గుక్క తిప్పుకోకుండా అందుకున్నాడు. కోయ కూడా గోండికి దగ్గర చుట్టమైన ద్రావిడ భాషే. ఇంట్లో కోయ, బళ్ళో తెలుగు వినే పిల్లలు మొదట్లో బళ్ళో నోరు విప్పకపోతే అది జబ్బు కాదని ఈ కోర్సులో ప్రత్యేకంగా నేర్పుతారు. చర్ల, దుమ్ముగూడెం బళ్ళలో పనిచేసేవాళ్ళు కూడా తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

"వాడికి మాటలు వచ్చు మామా. నీకే కోయ రాదు" అంది పిల్ల.

సాయంత్రానికల్లా మామ నోట "బైలింగ్వల్" అనే మాట చేరింది.

చివరికి మైకు అందుకున్నాడు. ఉపన్యాసం జంగ్ గారితో మొదలై, తన చిన్నప్పటి ఇల్లెందు బొగ్గు గనుల మీదుగా రాముల వారి కల్యాణం దాకా వచ్చింది. మనిషికి మాట ఎంత ముఖ్యమో చెబుతూ ఇంకెవర్నీ మాట్లాడనివ్వలేదు. ఇంతలో నత్తి ఉన్న క్యాటరింగ్ కుర్రాడు వేదిక దగ్గరికి వచ్చి "జ... జ..." అన్నాడు. మామ మైకులోనే అందుకున్నాడు: "జిలేబీలా? జామూన్లా? కంగారుపడకు, నిదానంగా చెప్పు! జీడిపప్పా? జంతికలా?" కుర్రాడు ఇంకా బిగుసుకుపోయాడు. మామ జొన్నరొట్టె దగ్గరికి వచ్చేసరికి లైట్లు పోయాయి, మైకూ పోయింది. పిల్ల కిందికి దిగి కుర్రాడి ఎదురుగా నిలబడి, వాడి ముఖంలోకే చూస్తూ ఊరుకుంది. వాడి మాట పూర్తయ్యేదాకా తను పెదవి కదపలేదు. "జనరేటర్‌లో డీజిల్ అయిపోవచ్చిందక్కా, చెబుదామని వచ్చా" అన్నాడు వాడు. నత్తి ఉన్నవాళ్ళ మాట మనం పూర్తిచేయకూడదు, నిదానంగా చెప్పమని హితవూ చెప్పకూడదు. మామ చీకట్లో ఈ రెండు పనులూ మైకు లేకుండా కొనసాగించాడు.

ఆయన్ని ఎంతగా ఆడిపోసుకున్నా ఒకటి ఒప్పుకోవాలి. అడవి అంచు ఊళ్ళలో ఇలాంటి చదువొకటి ఉందని మామ అరిచి చెప్పేదాకా ఎవరికీ తెలియదు. విందు అయిన వారానికే చర్ల అవతలి గూడెం నుంచి, పిలిస్తే తిరగని రెండేళ్ళ పిల్లవాడినీ తండ్రినీ బస్సు ఛార్జీలు తానే పెట్టుకుని ఖమ్మం తీసుకెళ్ళాడు. కాక్లియర్ ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉందని దారి పొడుగునా బస్సంతటికీ చెప్పాడు, అది మటుకు నిజమే. తిరుగు దారిలో కండక్టరు గొంతు బొంగురుగా ఉందని ఆయనకూ వైద్యం చెప్పాడట.

కాబట్టి మీ ఊళ్ళో ఇలాంటి మామ ఉంటే బస్సు ఎక్కించే పని ఆయనకే అప్పగించండి. పళ్ళెం మాత్రం చేతికివ్వకండి. బిడ్డ పుట్టిన నెలలోపే చెవుల పరీక్ష చేయించండి. లోపం ఉందో లేదో మూడు నెలల్లోపు తేల్చుకుని, ఉంటే ఆరు నెలల్లోపు చెవి మిషనో, థెరపీయో మొదలుపెట్టించండి. వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయని ఇంట్లో పెద్దలు అంటారు. అననివ్వండి, మీరు మాత్రం బస్సెక్కండి.