పెళ్ళికి నూలు, కూరగాయలకు పట్టు

అరవై వచ్చిన ఆడవాళ్ళకు ఊరంతా ఇచ్చే సలహాలు తెలిసినవే. లేత రంగులు కట్టుకోండి, సన్న అంచులు చూసుకోండి, పట్టుచీరలు కూతుళ్ళకూ కోడళ్ళకూ పంచేయండి, ఇంటిపట్టున నైటీలో సుఖంగా ఉండండి. భిలాయి పవర్ హౌస్‌లో ఉంటున్న మన తెలుగు ఆడవాళ్ళకు నేను చెప్పేది దీనికి పూర్తిగా తలకిందులు. వినగానే తప్పనిపిస్తుంది. అయినా చెయ్యండి.

పట్టుచీర కూరగాయల బజారుకు కట్టుకెళ్ళండి. పెళ్ళికి నూలుచీర కట్టండి.

ఎందుకంటారా? 1959లో ఇక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది మొదలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎన్నో కుటుంబాలు భిలాయి వచ్చి స్థిరపడ్డాయి. ఇక్కడ మన ఆడవాళ్ళు కొన్న ప్రతి మంచి చీరా ఊళ్ళో ఎవరి పెళ్ళికో, సెక్టార్ 5 బాలాజీ గుడిలో కల్యాణానికో కొన్నదే. మామూలు మంగళవారం కోసం కొన్నది ఒక్కటీ ఉండదు. ఇంటాయనకు అరవై నిండి, రిటైరై కర్మాగారం క్వార్టరు ఖాళీ చేసే రోజున బీరువా తెరిస్తే చుట్టాల శుభకార్యాలన్నీ వరసగా కనిపిస్తాయి. మనకేది ఇష్టమో మాత్రం అందులో కనిపించదు. అది తెలియాలంటే ఎవరూ పిలవని రోజున ఏం కట్టుకోవాలనిపిస్తోందో చూడాలి. ఇప్పుడు మనకు ఎక్కువగా ఉన్నవి ఆ రోజులే.

పైగా దాచిన పట్టు నిలవదు. ఒకే మడతలో ఏళ్ళ తరబడి ఉంటే ఆ గీత వెంబడే చీలుతుంది. జరీ నల్లబడుతుంది. నాఫ్తలీన్ ఉండలు తగిలితే మరీ పాడవుతుంది. ఎలాగూ పోయే చీర మీ ఒంటి మీదే పోనివ్వండి.

కొత్తది కొనాలనుంటే కంచి వైపు చూడకుండా చాంపా కోసా కొనండి. మనం ఉంటున్న ఛత్తీస్‌గఢ్‌లోనే తెల్లమద్ది, నల్లమద్ది ఆకులు తిని పెరిగిన పురుగు గూళ్ళ నుంచి తీసిన పట్టు అది. సహజమైన తేనె రంగు, చేతికి కాస్త గరుకు, నలిగినా అందం చెడదు. జరీ లేనిదైతే కుంకుడు రసంలో ఇంట్లోనే ఉతికి నీడన ఆరేసుకోవచ్చు. బజారుకు దానికి మించిన చీర నాకు తెలియదు.

పెళ్ళికేమో పొందూరు ఖాదీ. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికిన సన్న నూలు. మే నెల ముహూర్తానికి, నలభై డిగ్రీలు దాటిన ఎండలో, హాలంతా జరీలో ఉడికిపోతుంటే మీరు హాయిగా కూర్చోగలుగుతారు. పాపం ఇబ్బందుల్లో ఉన్నట్టున్నారని ఎవరో అనుకుంటారు. అనుకోనివ్వండి. ముప్పై ఏళ్ళు వాళ్ళు ఏమనుకుంటారోననే చీరలు కొన్నాం.

ఇక రంగులు. జవహర్ మార్కెట్‌లో కొట్టు మెట్లెక్కగానే మన జుట్టు చూసి, "ఆంటీజీ, లైట్ కలర్ దిఖావూఁ?" అంటూ బూడిద, గంధం, వెలిసిన గులాబీ పరుస్తారు. అవన్నీ పక్కన పెట్టించి ముదురు రంగులు తీయించండి. నెరిసిన జుట్టు పక్కన ఎరుపు, చిలకాకుపచ్చ, నేరేడు రంగు వెలిగినట్టు నల్ల జుట్టు పక్కన ఎన్నడూ వెలగలేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. వయసుతో కంటి కటకం పసుపు తిరుగుతుంది, నీలాల మధ్య తేడా మసకబారుతుంది. అందుకే ట్యూబులైటు కింద తేల్చుకోకుండా చీరను గుమ్మంలోకి, పగటి వెలుగులోకి తెప్పించుకోండి.

భర్త పోయిన వాళ్ళకు ఈ విషయంలో వేరే సలహా ఏమీ లేదు. ఇదే సలహా. రంగులు ఆయన తెచ్చినవి కావు, ఆయనతో పోవాల్సిన పనీ లేదు. దుఃఖంలో ఉన్న మనిషి బీరువాలోంచి ఎర్రచీరలు తీసేసే బంధువును చూస్తే నాకు కోపం ఆగదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది జాకెట్టు. ఆది జాకెట్టు పారేయండి. అది ఎప్పటిదో ఒంటి కొలత. దాన్నే దర్జీకి ఇస్తూ, కొత్త జాకెట్టు పట్టకపోతే లావెక్కానని మనల్ని మనమే తిట్టుకుంటాం. తప్పు ఒంటిది కాదు. వయసుతో రొమ్ము కిందికి జారుతుంది, వీపు వంగుతుంది. పాత ఆది ప్రకారం కుడితే వెనక పైకి లేచిపోతుంది, ముందు వదులుగా వేలాడుతుంది. కొత్తగా కొలత ఇవ్వండి. టేపు పెట్టినప్పుడు మాత్రం నిటారుగా నిలబడకండి! అందరూ ఊపిరి బిగబట్టి సిపాయిల్లా నిలబడతారు, అలా కుట్టిన జాకెట్టు ఆ నిమిషానికే పనికొస్తుంది. రోజూ ఎలా వంగి ఉంటారో అలాగే నిలబడి, వెనక పొడవు ఎక్కువ పెట్టమనండి. హుక్కులు ముందుకే ఉండాలి. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు భుజం బిగుసుకుపోవడం మామూలు. చెయ్యి వెనక్కి తిరగక, కోడల్ని పిలవడానికి మొహమాటపడి, చీర కట్టడమే మానేసి నైటీలో ఉండిపోయిన వాళ్ళు మన వీధుల్లో ఎందరో. వాళ్ళ నైటీకి కారణం బద్ధకం కాదు, వెనక హుక్కులు.

చీర పొట్టిగా కట్టండి. కొన్ని సెంటీమీటర్లు మనం కుదించుకుపోతాం, పాత లంగా మాత్రం కుదించుకుపోదు. స్టేషన్ మెట్ల మీద కుచ్చిళ్ళు కాలికింద పడితే తుంటి ఎముకకే ముప్పు. లంగా కత్తిరించి, చీలమండలు కనిపించేలా కట్టండి. పల్లెటూరి ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు లుగ్రా చీరను పిక్కల దాకానే కడతారు, పొలం గట్ల మీద నడిచే కట్టు అది. ఎంత అందంగా ఉంటారో ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నాం కదా.

పిల్లల్ని అడగొద్దు. వాళ్ళకు కావలసింది ఫొటోలో చక్కగా ఉండే అమ్మ.

ఈ వారమే బీరువాలోని చీరలన్నీ దించండి. ప్రతి పట్టుచీరనూ విప్పి వెలుగుకు పట్టి చూడండి. మడత దగ్గర ఇంకా గట్టిగా ఉన్నవాటిని వేరే చోట మడిచి, పాత నూలు గుడ్డలో చుట్టి లోపల పెట్టండి. గీత పడటం మొదలైనవాటిని పై అరలో, చేతికందేలా పెట్టండి. వంకాయలు తేవడానికి వెళ్ళేటప్పుడు ముందు అవే తీయండి.