గెంతుకుంటూ పోతుంది

నాలుగో తరగతి పరిసరాల విజ్ఞానం, యూనిట్ పరీక్ష. నీళ్ళలోంచి బయటికి తీస్తే చేప ఏమవుతుంది? నాకు కావలసిన జవాబు ఒక్క మాట: చనిపోతుంది. క్లాసంతా అదే రాసింది. ఒక్క పిల్లవాడు మాత్రం "గెంతుకుంటూ పోతుంది" అని రాశాడు. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ జవాబును క్లాసులో పైకి చదివాను. పిల్లలు నవ్వారు. వాడు బల్ల వంక చూస్తూ నిలబడి, "మా ఊళ్ళో ఉంటయ్ మాస్టారూ, బురదలో" అన్నాడు. దాని పేరు కూడా ఏదో చెప్పాడు. నేను వినిపించుకోలేదు. కూర్చోమన్నాను.

ఇది జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. తెనాలిలో ఒక చిన్న బడి. వాళ్ళది నిజాంపట్నం వైపు, తండ్రి బోటు మీద వేటకు వెళ్ళేవాడు. చదువు కోసమని రేపల్లెలో రైలెక్కించి తెనాలిలో అమ్మమ్మ దగ్గర ఉంచారు. తొమ్మిదేళ్ళ పిల్లవాడు. వాడు తన ఊరి నుంచి తెచ్చుకున్నది చదువేనన్న సంగతి నాకు తట్టలేదు.

ఆ రోజుల్లో ప్రకృతి పాఠాల మీద ఆ బడిలో నాకున్నంత పట్టుదల ఇంకెవరికీ లేదని నా నమ్మకం. గోడల నిండా చార్టులు కట్టింది నేనే. పర్యావరణం గురించి బడుల్లో తప్పనిసరిగా నేర్పాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించిందని తల్లిదండ్రుల సమావేశాల్లో గట్టిగా చెప్పేవాణ్ణి. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గురించి చదివి, అక్కడి పిల్లలు పక్షులను చూస్తూ పెరుగుతారని తెలిసి, మనకు అలాంటి చోటు ఏదీ అని బాధపడేవాణ్ణి. ప్రకృతి అంటే కొండ, లోయ, అడవి. అది మనకు లేదు కాబట్టి బొమ్మల్లో చూపించాలి. ఇదీ నా లెక్క.

ఆ లెక్క వేసుకున్నది తెనాలిలో కూర్చుని. ఊరి నడుమ నుంచి మూడు కాలువలు పారే చోట. బెజవాడ దగ్గర కృష్ణకు 1855లో ఆనకట్ట కట్టడం పూర్తయ్యాక ఈ డెల్టా అంతా ఆ నీటితోనే పచ్చబడింది. కాలువ వదిలారంటే ఊరికి అదొక కబురు. మొదటి నీళ్ళు ఎర్రగా, చెత్తను తోసుకుంటూ వస్తాయి. వెనకాలే కొంగలు, నీటికాకులు. మా పిల్లలు కాలువ వంతెన మీదుగానే బడికి వచ్చేవాళ్ళు. వంతెన మీద ఆగి ఆలస్యంగా వచ్చిన వాళ్ళను నేను గుమ్మం బయట నిలబెట్టేవాణ్ణి. ఎందుకు ఆగావని ఒక్కణ్ణి కూడా అడిగిన గుర్తు లేదు.

ఇంకొకటి చెప్పాలి. మా వైపు వరి కోయకముందే, పైరు నిలబడి ఉండగానే, చేలో మినుములు చల్లుతారు. దున్నరు, మళ్ళీ నీళ్ళు పెట్టరు. నేలలో మిగిలిన తడి, పైన కురిసే మంచు, అంతే. కుప్పలు ఎత్తేసరికి వరి దుబ్బుల మధ్య మినప మొలకలు లేచి ఉంటాయి. ఇంత అందమైన మొలక పాఠం ఎక్కడ దొరుకుతుంది? నా క్లాసులో సగం మంది తాతలు ఆ విత్తనం చల్లే వాళ్ళే. ఆ డిసెంబరులోనే నేను బోర్డు మీద చిక్కుడు గింజ బొమ్మ గీసి బీజదళం, ప్రథమ మూలం అని రాయించాను. ఊరి చివర చేను పది నిమిషాల నడక. తీసుకువెళ్ళలేదు.

జనవరిలో మాత్రం బస్సు మాట్లాడి సూర్యలంక తీసుకువెళ్ళాను. విజ్ఞాన యాత్ర అని పేరు. దారిలో బాపట్ల వచ్చింది. పిల్లలు రోజూ తినే సాంబ మసూరి, బీపీటీ 5204, అక్కడ పుట్టి 1986లో విడుదలైన వంగడం. కంచంలో అన్నం ఏ ఊళ్ళో పుట్టిందో చెప్పడానికి అరనిమిషం చాలు. నేను అప్పుడు కాగితాలు పంచుతున్నాను. ఇరవై గళ్ళ కాగితం: జంతువు పేరు, రంగు, ఆహారం, ఆవాసం. రెండు వరసల్లో నడిపించాను, మెడలో విజిల్ వేసుకుని.

తీరాన తడి ఇసుక మీద సన్న సన్న బెజ్జాలు, ఒక్కో బెజ్జం చుట్టూ ముగ్గు పెట్టినట్టు ఇసుక ఉండలు. చిటికెన వేలి గోరంత ఎండ్రకాయలు ఇసుకను నోట్లో పెట్టుకుని, అందులోని తిండిని తీసుకుని, మిగిలినదాన్ని ఉండ చేసి పక్కన పెడుతున్నాయి. అల వస్తే చెరిగిపోతుంది. నీరు తీయగానే మళ్ళీ మొదలు. పిల్లలందరూ మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. ముప్పై మంది పిల్లలు నోరు మెదపకుండా కూర్చోవడం ఆ ఏడాది మొత్తంలో నేను చూసింది అప్పుడొక్కసారే. విజిల్ వేసి లేపాను. గళ్ళు ఒక్కటీ నిండలేదని నా కంగారు. గాలికి కాగితాలు ఎగిరిపోతుంటే అందర్నీ సరుగుడు తోటలోకి తీసుకుపోయి, సముద్రానికి వీపు పెట్టి కూర్చోబెట్టి, గళ్ళన్నీ నేనే చెప్పి రాయించాను. ఆవాసం: సముద్రం.

సోమవారం పరీక్ష పెట్టాను. సముద్రంలో నివసించే పది జీవులను రాయండి. తిమింగలం, సొరచేప, డాల్ఫిన్, ఆక్టోపస్. చార్టులో ఉన్న వరసలోనే రాశారు. ఆ ఎండ్రకాయను ఒక్కరూ రాయలేదు. కళ్ళతో చూసింది జవాబు కాదని అప్పటికి నేను వాళ్ళకు నేర్పేశాను. నిజాంపట్నం పిల్లవాడి కాగితం కూడా చూశాను. తిమింగలం, సొరచేప, డాల్ఫిన్, ఆక్టోపస్. పదికి పది వేసి, దారిలో పడ్డాడని సంతోషించాను.

రాత్రిళ్ళు నన్ను లేపి కూర్చోబెట్టేది ఆ కొట్టివేత కాదు, ఆ పదికి పది.

రిటైరయ్యాక ఒక పెళ్ళికి రేపల్లె వెళ్ళాను. వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన, ఆ పిల్లవాడు సెలవులకు వెళ్ళే రైలే. మర్నాడు చుట్టాలబ్బాయి నిజాంపట్నం తీసుకువెళ్ళి, చిన్న పడవలో మడ అడవిలోకి తిప్పాడు. మడ చెట్ల చుట్టూ ఊపిరి వేళ్ళు బురదలోంచి పైకి పెన్సిళ్ళలా పొడుచుకు వచ్చి ఉన్నాయి. ఆకు నాకి చూస్తే ఉప్పు. నీరు తీసే వేళ. ఒడ్డున బురద మీద ఏదో కదిలింది. కప్ప అనుకున్నాను. చేప. తల మీద రెండు కళ్ళు ఉబ్బుకుని, ముందు రెక్కలను మోచేతుల్లా ఆనించి పాకుతోంది. మొప్పల్లో కాస్త నీళ్ళు దాచుకుంటుంది. తడి చర్మంతో, నోటి లోపలి పొరతో గాలి పీలుస్తుంది. చర్మం ఆరితే బురదలో ఒకసారి పొర్లుతుంది. పడవ దగ్గరపడగానే తోకతో నేలను కొట్టి గెంతుకుంటూ పోయింది.

నాకు ఎర్ర గీత కనపడింది. వెనుదిరిగి నవ్విన పిల్లల మొహాలు కనపడ్డాయి. పడవలోని కుర్రాడు "ఏంటి మాస్టారూ, కళ్ళల్లో ఏమన్నా పడిందా" అన్నాడు. ఉప్పుగాలి అన్నాను. అక్కడి వాళ్ళు దాన్నేమంటారో అతన్ని అడగవలసింది, గొంతు పెగల్లేదు. ఆ పిల్లవాడి కోసం కూడా ఊళ్ళో వాకబు చేయలేదు. ముప్పై దాటి ఉంటుంది వాడికి. ఎదురుపడితే ఏమని మొదలుపెట్టాలో తెలియక వచ్చేశాను.

ఇప్పుడు ఆదివారాలు మా వీధి పిల్లలు అయిదారుగురు నాతో కాలువ గట్టుకు వస్తారు. కాగితాలు లేవు, విజిల్ లేదు. మొదట్లో పేర్లు చెప్పబోయేవాణ్ణి, నోరు కట్టుకోవడం కష్టమైంది. పోయిన వారం మూడో తరగతి పిల్ల నా చెయ్యి లాగి గుర్రపుడెక్క వైపు చూపించింది. పొడుగాటి కాలివేళ్ళ పక్షి ఒకటి ఆకుల మీద, మునిగిపోకుండా, అడుగు తీసి అడుగు వేస్తోంది.

"మీ ఇంట్లో దీన్నేమంటారమ్మా?" అన్నాను.

"ఏమీ అనరు తాతయ్యా, అది రోజూ ఇక్కడే ఉంటది" అంది.

ఎండ ముదిరేదాకా అక్కడే కూర్చున్నాం.