శాంపిల్ మావయ్య

ఊళ్ళో ఎవరైనా కనిపించకుండా పోతే, పోలీసులకి కంప్లయింటు చేరేలోగా దర్యాప్తు పూర్తిచేసి, దోషిని కూడా ఖరారు చేసేసే పెద్దమనిషి ఒకాయన మీకు తెలిసే ఉంటాడు. మీ వీధిలో అలాంటివాళ్ళు లేరంటే మీరు టీ కొట్టు దాకా వెళ్ళరన్నమాట. భిలాయిలో తెలుగువాళ్ళ వాటాకి వచ్చినాయన మా మావయ్య. మా అమ్మకి పెద్దమ్మ కొడుకు. టెక్కలి దగ్గర పల్లె నుంచి బయల్దేరి, విజయనగరంలో రాయపూర్ పాసింజరెక్కి ఇక్కడికి చేరాడు. స్టీల్ ప్లాంటులో ఎస్ఎంఎస్-2 (స్టీల్ మెల్టింగ్ షాపు) ల్యాబులో చేరి, అక్కడే రిటైరై, రిసాలీలో ఇల్లు కట్టుకున్నాడు. సర్వీసులో ఉన్నంతకాలం చేతినిండా శాంపిళ్ళు ఉండేవి. రిటైరయ్యాక శాంపిళ్ళు పోయి నోరు మిగిలింది.

పొద్దున్నే హిందీ పేపరు రాగానే ఆయన తెరిచేది లోపలి పేజీ. అక్కడ చిన్న ఫోటోతో ‘గుమ్ ఇన్సాన్’, అంటే తప్పిపోయిన మనిషి, అని వేస్తారు కదా, అదీ ఆయనకి కావలసింది. బాల్‌పెన్ను తీసి, చివరిసారి కనిపించినప్పుడు ఏం వేసుకున్నారో రాసిన చోట గీత గీస్తాడు. నీలం చొక్కా, రబ్బరు చెప్పులు. “రబ్బరు చెప్పులేసుకుని ఎవడైనా దూరం పోతాడేట్రా అల్లుడూ? దగ్గర్లోనే ఉన్నాడు. లేదంటే లేడు.” ఈ రెండింటిలో ఏదో ఒకటి నిజమై తీరుతుంది కాబట్టి ఇంతవరకూ మావయ్య మాట తప్పలేదు.

ఇక పేపర్లో ‘డీఎన్ఏ’ అన్న ముక్క కనిపించిందా, ఆ రోజు అత్తయ్య ఆయన కోసం కూర వేడిచెయ్యదు. మూడింటికి గానీ ఇంటికి రాడని ఆవిడకి తెలుసు. టీ కొట్టు బల్లమీద ఒలికిన టీలో వేలు ముంచి రెండు నిలువు గీతలు గీస్తాడు. ఇది తల్లి, ఇది తండ్రి. మధ్యలో చుక్కలు పెడతాడు. “సగం ఇటు నుంచి, సగం అటు నుంచి. కలిసిందా, ఆ ఇంటి మనిషే. కలవలేదా, కేసు తిరగబడిపోయింది.” 

అంతవరకూ ఆయన చెప్పేది సబబే. పోయిన మనిషి డీఎన్ఏని ల్యాబులో ముందే ఎవరూ దాచి ఉంచరు కాబట్టి, తల్లిదండ్రుల రక్తమో పిల్లల రక్తమో తీసుకుని, దొరికిన ఎముకతోనో దవడపంటితోనో పోల్చి చూస్తారు. కుదురు లేకుండా తెగిన వెంట్రుకైతే అందులో మామూలుగా దొరికేది తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ. ఒక తల్లి పిల్లలందరికీ అది ఒకటే కాబట్టి అన్నదో తమ్ముడిదో తేల్చడం కుదరదు. ఇవన్నీ మావయ్యకి వచ్చు. ఏమీ తెలియనివాడైతే మనమూ ఊరుకుందుం. సగం తెలిసినవాడు కావడమే మా ఖర్మ. మిగతా సగం సీఐడీ సీరియల్లో డాక్టర్ సాళుంకే నేర్పాడు. అక్కడ గాజు గొట్టంలో రంగు మారుతుంది, అడ్వర్టైజ్‌మెంటు అయ్యేలోగా రిపోర్టు వస్తుంది. అందుకే మావయ్య ఒక్క వెంట్రుకలోంచి మనిషి ఊరు, ఉద్యోగం, ఆ రాత్రి తిన్న కూర కూడా లాగేస్తాడు.

దీనికి తోడు తెలుగు అభిమానం ఒకటి. మన దేశంలో డీఎన్ఏ వేలిముద్రల విద్యకి 1988లో పునాది పడింది హైదరాబాద్ సీసీఎంబీలోనే, లాల్జీసింగ్ గారి చేతుల మీదుగానే. ఆయన వాడిన ప్రోబు కట్లపాము జాతి పాముల మీద చేసిన పరిశోధనలోంచి వచ్చింది. ఇదంతా నిజం. మావయ్య చెప్పేటప్పుడు మాత్రం లాల్జీసింగ్ గారు ఉత్తరప్రదేశ్ మనిషన్న సంగతి మాయమైపోయి, పాము శ్రీకాకుళం జిల్లాదవుతుంది.

పక్కింటి బెంగాలీ దాదా ఆయనకి సరిజోడు. దాదా లెక్కలో ఈ దేశంలో అసలైన గుమ్ ఇన్సాన్ ఒక్కరే, సుభాష్ చంద్రబోసు. మిగతావాళ్ళంతా ఇంటికి ఆలస్యమైనవాళ్ళు. ఆయనే బోసని కొందరు నమ్మిన ఫైజాబాద్ గుమ్నామీ బాబా సామాన్లలో దొరికిన పళ్ళకి, బోసు అదృశ్యం మీద వేసిన ముఖర్జీ కమిషన్ డీఎన్ఏ పరీక్ష చేయించింది. బోసు కుటుంబీకుల రక్తంతో కలవలేదు. 2005లో కమిషన్ నివేదిక కూడా ఇచ్చేసింది. “పళ్ళు మార్చేశారు” అంటాడు దాదా. “పళ్ళు కాదు, రక్తం మార్చేశారు” అంటాడు మావయ్య. వాళ్ళిద్దరికీ ఏకాభిప్రాయం కుదిరేది ఒక్క విషయంలోనే: ల్యాబుని నమ్మకూడదు.

2015 నవంబరులో ఇక్కడ విద్యాసంస్థలు నడిపే ఒక కుటుంబంలోని యువకుడు కనిపించకుండా పోయాడు. నెల దాటాక స్మృతినగర్‌లో ఒక ఇంటి ఆవరణ తవ్వి దేహాన్ని బయటికి తీశారు. ఆ నెలంతా ఊరికి ఊరే మావయ్య అయిపోయింది. అసలు మావయ్య మొదటి వారం మనిషిని నేపాల్‌లో ఉంచాడు, రెండో వారం దుబాయి పంపించాడు. దేహం దొరికాక, “అతనిదేనని ఏటి నమ్మకం? డీఎన్ఏ రానీ” అన్నాడు. న్యాయమైన మాటే. నేను తలూపేలోగా, “రాదు. వచ్చినా మార్చేస్తారు. మార్చకపోయినా మనకి చెప్పరు” అని పూర్తిచేశాడు. దుర్గ్ కోర్టులో తీర్పు వచ్చేసరికి 2021 అయింది. టీ కొట్టు కోర్టులో మాత్రం పొద్దున తీర్పు, సాయంత్రం అప్పీలు. నన్నడిగితే నేనూ అక్కడ జూనియర్ ప్లీడర్నే. ఆయన ఊపిరి తీసుకోడానికి ఆగితే ‘తరవాత?’ అని అందించే నోరు నాదే.

ఆయన సొంతంగా చేపట్టిన దర్యాప్తు కూడా ఒకటుంది. ఓ వానాకాలం పెళ్ళిలో ఆయన కొత్త గొడుగు పోయి, మూలన పాత గొడుగొకటి మిగిలింది. దాని పిడిలో రెండు తెల్ల వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. మావయ్య వాటిని చదివింపుల కవరులో భద్రపరిచాడు. దొంగకి అరవై దాటాయి, బీపీ ఉంది, కొబ్బరినూనె రాస్తాడు, మగపెళ్ళివారి మనిషి అని తేల్చాడు. భోజనాల పంక్తి వెనకగా నడుస్తూ వియ్యాలవారి ముసలాళ్ళందరి తలలూ పరిశీలించాడు. ఇంటికొచ్చాక అత్తయ్య ఆ గొడుగు విప్పింది. లోపల ఎర్రదారంతో వేసిన కుట్టు, ఆవిడ వేసిందే. కొత్త గొడుగు మంచం కింద క్షేమంగా ఉంది. వెంట్రుకలు ఎవరివో ల్యాబుకి వెళ్ళకుండానే తేలిపోయింది.

మావయ్యని చూసి నవ్వేముందు జర్మనీ పోలీసుల సంగతి కూడా వినాలి. 1993 నాటి కేసు మొదలుకొని దాదాపు 40 నేరస్థలాల్లో ఒకే ఆడమనిషి డీఎన్ఏ దొరికింది. హత్యల్లో ఆవిడే, దొంగతనాల్లో ఆవిడే. సరిహద్దు దాటి ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో కూడా ఆవిడే. హైల్‌బ్రోన్ దయ్యం అని పేరు పెట్టి ఏళ్ళ తరబడి వెతికారు. 2009లో తేలిందేమిటంటే, నమూనాలు తీసే దూదిపుల్లల్ని తయారీ దగ్గర సర్దే ఆవిడ డీఎన్ఏ అది. పాపం, ఆవిడ చేసిందల్లా పుల్లలు సర్దడమే. ఈ కథంతా మావయ్యకి చెప్పాను. కళ్ళు మూసుకుని విని, “ఆ ఫ్యాక్టరీ ఆవిడ్ని గట్టిగా అడిగారంటావా?” అన్నాడు.

బారసాలలకి ఆయన్ని పిలవాలంటే మావాళ్ళకి హడలు. ఒకసారి ఉయ్యాల్లో పిల్లాడి చెవితమ్మె పట్టుకు చూసి, “ఇది మన వంశంలో లేదే” అనేశాడు. హాలంతా బిగుసుకుపోయింది. “మీ నోరు కూడా మీ వంశంలో లేదండీ. ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరైనా అడిగారా?” అంది అత్తయ్య, గ్లాసుల్లో పాయసం పోస్తూనే.

నాకు ఎంతకీ అంతుపట్టనిది ఆయన పాత ఉద్యోగం. కన్వర్టర్లో ఉడుకుతున్న ఉక్కులోంచి తీసిన నమూనా ల్యాబుకొస్తే కార్బన్ ఎంత, సల్ఫర్ ఎంత, ఫాస్ఫరస్ ఎంత అని చెప్పాల్సింది మావయ్యావాళ్ళే. ఫాస్ఫరస్ మించితే పట్టా పెళుసెక్కుతుంది. భిలాయి పట్టాల మీద దేశమంతా రైళ్ళు తిరుగుతున్నాయి. అవతల ట్యాపింగ్ ఆలస్యమవుతోందని ఫోన్లో కేకలేసినా, “అంచనాగా ఓ అంకె చెప్పవయ్యా” అని బతిమాలినా, రిపోర్టు చేతికి రానిదే ఆయన నోరు విప్పేవాడు కాదట. “అంచనా కావాలంటే జోస్యుడి దగ్గరికి పో, ఇది ల్యాబు” అనేవాడట. ఆయన కింద పనిచేసిన కుర్రాడు చెప్పాడు ఈ మాట. ఉక్కు విషయంలో అంత నిగ్రహం ఉన్న మనిషికి, మనుషుల విషయంలో ఏమైందో!

ఆ నిగ్రహం పూర్తిగా పోలేదని నాకు తెలిసింది 2018లో. ఆ ఏడాది అక్టోబరు 9న ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర గ్యాస్ పైపులైన్లో మంటలు లేచి 9 మంది ఆ రోజే పోయారు. గాయపడ్డవాళ్ళని సెక్టార్-9 ఆసుపత్రికి చేర్చారు. దేహాలు గుర్తుపట్టే స్థితిలో లేక డీఎన్ఏ పరీక్షల మాట వచ్చింది. టీ కొట్టులో ఎవరో కుర్రాడు, “అంకుల్, దీనికి శాంపిల్ ఎలా తీస్తారు?” అని అడిగాడు. బల్లమీద టీ ఒలికే ఉంది. మావయ్య వేలు ముంచలేదు. “తీసేవాళ్ళు తీస్తారు. నువ్వు టీ తాగు” అన్నాడు. ఆ వారమంతా పేపరు మీద గీతల్లేవు. ప్లాంటువాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, కాసేపు కూర్చుని, వచ్చేవాడు.

అంటే మాట్లాడకుండా ఉండటం ఆయనకి చేతనవును. పోయినవాళ్ళ ఇల్లు ఎక్కడో తెలిసి ఉండాలి, అంతే. ఇల్లు తెలియనివాళ్ళే కథలైపోతారు. కానీ పేపర్లో నీలం చొక్కా, రబ్బరు చెప్పులు అని వేసినవాడికీ ఏ ఖుర్సీపార్‌లోనో, ఏ క్యాంపు-2లోనో ఒక ఇల్లుంటుంది. అక్కడ ఎవరో ల్యాబుకి రక్తమిచ్చి వచ్చి కబురు కోసం చూస్తుంటారు. మనం నేపాల్ పంపించేదీ, దుబాయి పంపించేదీ వాళ్ళ పిల్లాణ్ణే. మీకు నిజంగా తెలిసిందేమైనా ఉంటే వెంటనే ఠాణాకి వెళ్ళి చెప్పండి. ఉన్నది ఊహేనా, రిపోర్టు వచ్చేదాకా నోట అంకె రానివ్వకండి. మావయ్య సర్వీసంతా చేసింది అదే, ఆయన చేసిన వాటిలో గొప్ప పనీ అదే.