మంత్రగాణ్ని ఊరు నమ్మకూడదు: ఆట నడిపేవాళ్లకు తలకిందుల సలహాలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఆటలు నడిపే గేమ్ మాస్టర్లకు అందరూ ఒకే మాట చెప్తారు: ఆటగాళ్లు మంచి చేస్తే ఊరు వాళ్లను నెత్తిన పెట్టుకోవాలని. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. మంత్రగాడు ఎంత మంచి చేస్తే ఊరు అతన్ని చూసి అంత భయపడాలి. జ్వరం తగ్గించగలిగినవాడు జ్వరం తెప్పించనూ గలడు. మంత్రాలకు భయపడే పల్లె ఎక్కడైనా ఇలాగే లెక్క వేసుకుంటుంది.

ముందుగా, మంత్రం వేసేటప్పుడు బయటివాళ్లకు ఏం కనిపిస్తుందో ఆలోచించండి. గాయం మాన్పే మంత్రమైనా శాపమైనా పెదాలు కదులుతాయి, చేతులు తిరుగుతాయి, ఏదో జరుగుతుంది. రెంటికీ తేడా రూల్‌బుక్ చదివిన మనకు తెలుసు, కల్లంలో నిలబడి చూస్తున్న రైతుకు తెలియదు. గుడ్‌బెర్రీ మంత్రంతో పది పళ్లు పుడతాయి, ఒక్కో పండు మనిషికి రోజంతా ఆకలి తీరుస్తుంది. కరువులో ఉన్న ఊళ్లో ఆ పళ్లు పంచితే ఆటగాడు దండలు వేస్తారనుకుంటాడు. మీరు మాత్రం ఒక తల్లి చేత పిల్లాడి నోట్లోంచి ఆ పండు కక్కించండి.

మెప్పుకోలుకు కూడా భయపడనివ్వండి. దారినపోయే మంత్రగాడు దూడను చూసి బాగుందన్నాడు. సాయంత్రం ఆవు చేపలేదు. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసే ఇళ్లలో పెరిగిన మనకు ఆ తర్వాతి కథ ఎవరూ చెప్పక్కర్లేదు.

పర్సుయేషన్ కోసం పాచిక వేయనివ్వకండి. తరాల భయం ఒక్క పాచికతో కరిగిపోతే అది భయమే కాదు. 1987లో వచ్చిన ఆర్స్ మాజికా అనే ఆట ఈ విషయాన్ని బాగా పట్టుకుంది. అందులో మంత్రశక్తితో పుట్టినవాణ్ని చూస్తే మామూలు జనానికి కారణం తెలియకుండానే ఒళ్లు జలదరిస్తుంది, జంతువులు బెదురుతాయి. మాట ఎంత తియ్యగా ఉన్నా ఆ అనుమానం పోదు. ఏ ఆట నడిపినా ఈ పద్ధతి అరువు తెచ్చుకోండి.

ఇక నిజంగా జరిగిన ఒక సంగతి. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో, పెండిల్ కొండ చుట్టుపక్కల, 1612 మార్చిలో అలిజన్ డివైస్ అనే బీద పిల్ల దారిలో ఎదురైన చిల్లర వర్తకుణ్ని గుండుసూదులు అడిగింది. అతను ఇవ్వలేదు. కాసేపటికే కుప్పకూలాడు. అది పక్షవాతం అయ్యుంటుందని ఇప్పుడు అనుకుంటున్నారు. అప్పుడు మాత్రం అందరూ అది శాపమే అన్నారు, ఆ పిల్ల కూడా అదే నమ్మింది. అతని ముందు తప్పు ఒప్పుకుని క్షమించమని వేడుకుంది. ఆగస్టులో ఆమెనూ, ఆ వ్యవహారంలో ఇరుక్కున్న మరికొందరినీ ఉరితీశారు. ఇందులో గేమ్ మాస్టర్ నేర్చుకోవలసింది చాలా ఉంది. నేరారోపణ ఎక్కడో చీకటి కోటలో పుట్టదు, అడిగింది ఇవ్వని చిన్న తగాదాలో పుడుతుంది. కాబట్టి ఊళ్లో ఎవరైనా మీ ఆటగాడికి ఏదో ఒకటి లేదనాలి, మర్నాడు వాళ్లింట్లో ఒకరు మంచం పట్టాలి. అది ఆటగాడి పనా కాదా అన్నది మీరు తేల్చకండి. అతనే రాత్రంతా తనను తాను అనుమానించుకోవాలి.

ఊరివాళ్ల విరుగుళ్లు పనిచేయవని కూడా ఎప్పుడూ చెప్పకండి. మూత్రం, సూదులు, మేకులు నింపిన సీసాలు పాత ఇంగ్లిష్ ఇళ్ల పొయ్యిగడ్డల కింద దొరికాయి. మంత్రగత్తెను గీరి రక్తం చూస్తే శాపం విడుతుందని నమ్మేవారు. నీళ్ల పరీక్ష మరీ దారుణం: కట్టి నీళ్లలో వేస్తే తేలినవాళ్లు దోషులు. స్కాట్లండ్ రాజు ఆరవ జేమ్స్ 1597లో అచ్చువేసిన తన పుస్తకంలో ఈ పరీక్షను సమర్థించాడు. మీ ఆటగాణ్ని ఆ చెరువు గట్టున నిలబెట్టండి. తప్పించుకునే మంత్రాలు అతని దగ్గర అరడజను ఉంటాయి. ఏది వేసినా అదే సాక్ష్యం అవుతుంది.

భయంతో పాటు అవసరాన్నీ పెట్టండి, లేకపోతే ఊరు బొమ్మలకొలువైపోతుంది. అదే ఇంగ్లండ్ పల్లెల్లో పోయిన వస్తువు ఆచూకీకి, జబ్బుకు, పెట్టిన శాపం తీయించుకోవడానికి జనం మంత్రం తెలిసినవాళ్ల దగ్గరికే వెళ్లేవారు. అందుకని పగలు మొహం తిప్పుకున్న ఇల్లాలే రాత్రి పెరటి దోవన నాలుగు గుడ్లు పట్టుకుని రావాలి. తెల్లారాక దారిలో కనిపిస్తే పలకరించకూడదు.

ఒక్కచోట మాత్రం ఆగండి. బాణామతి, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు తెలంగాణ పల్లెల నుంచి మనం ఇప్పటికీ చదువుతున్నాం. ఆ చనిపోయినవాళ్ల చేతిలో ఏ మంత్రమూ లేదు, అలిజన్ చేతిలోనూ లేదు. అందుకే ఆటలో ఊరి కోపం దిక్కులేని ముసలమ్మ మీదికి మళ్లించి వినోదం చేయకండి. అది నిజంగా శక్తి ఉన్న మీ ఆటగాడి పాత్ర మీదే పడాలి. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో ఎవరి ఇంటికైనా అలాంటి గాయం తగిలి ఉండొచ్చు, కాబట్టి పాచికలు తీసే ముందే అందరినీ అడగండి. ఎవరైనా వద్దంటే కారణం అడక్కుండా ఆ కథ మానేసి వేరేది ఎత్తుకోండి.