పొగగొట్టపు పద్యం: సటీకా తాత్పర్యం

అవతారిక

కావ్యాలకు వ్యాఖ్యానాలున్నాయి, వ్యాఖ్యానాలకు ఉపవ్యాఖ్యానాలున్నాయి. పొయ్యికి మాత్రం ఇన్నాళ్ళూ ఊదుగొట్టం తప్ప వేరే దిక్కు లేదు. ఆ కొరత తీర్చడానికే ఈ పూనిక. పద్యకర్త తన పేరు ఎక్కడా చెప్పుకోలేదు. చెప్పుకుంటే గొట్టం తుడవడానికి పిలుస్తారని జంకి ఉంటాడు. మూలం రాసినవాడూ వ్యాఖ్య రాస్తున్నవాడూ ఒక్కడేనని గిట్టనివాళ్ళు అంటారు. వాళ్ళకు చెప్పగలిగిన సమాధానం ఏదీ లేదు కాబట్టి మూలంలోకి పోదాం.

మూలం

ఆ.వె.
మట్టిపొయ్యి పెట్టి గొట్టంబు నిలబెట్టి
యెండుకట్టె లోన నిండనీక
గాలి యాడనిచ్చి కన్నముల్ మూసినఁ
గంటినీరు దప్పు వంటయింట

ప్రతిపదార్థం

మట్టిపొయ్యి = పుట్టమన్ను, పేడ, ఊక కలిపి తొక్కి కట్టిన పొయ్యిని; పెట్టి = గాలివాటు చూసి, గోడవారగా, తాటాకు చూరుకు ఎడంగా ఏర్పరచి; గొట్టంబు = పొగగొట్టమును (ఊదుగొట్టము కాదు; అది ఊపిరితిత్తుల ప్రకరణం); నిలబెట్టి = వంకర లేకుండా ఇంటికప్పు దాటేలా ఎత్తి; ఎండుకట్టె = ఎండిన కట్టె (ఎండలో పడేసిన కట్టె అని కాదు, రెంటికీ చాలా తేడా ఉంది); లోన = పొయ్యి కడుపులో; నిండనీక = కూరిపెట్టకుండా; గాలి ఆడనిచ్చి = గాలికి దారి విడిచి; కన్నముల్ = గిన్నెలు కూర్చునే కన్నాలను; మూసినన్ = ఆ గిన్నెలతోనే సందు లేకుండా కప్పినట్లయితే; వంటయింట = వంటింట్లో; కంటినీరు = కళ్ళ వెంట నీళ్ళు; తప్పు = తప్పిపోవును. ఉల్లిపాయల వల్ల వచ్చే కన్నీళ్ళు, టీవీ సీరియళ్ళ వల్ల వచ్చే కన్నీళ్ళు ఈ పద్యం పరిధిలోకి రావు.

తాత్పర్యం

పొయ్యి సరిగా వేసి సరిగా వాడితే పొగ ఇంట్లో ఉండదు.

విశేషాలు

ముందుగా ఛందస్సు. మూడు పాదాల్లో ప్రాసయతి వేసిన కవి, మూడో పాదంలో మాత్రం ‘గా’కు ‘క’ అంటూ మామూలు యతికి దిగిపోయాడు. అక్కడ ఆయనకు ఊపిరాడలేదని కొందరు. ‘గాలి యాడనిచ్చి’ అన్నచోట బిగువు సడలించడమే ఔచిత్యమని మేము.

ఇక అసలు సంగతి. పొగ కనిపిస్తే నిప్పున్నట్టే అని తార్కికులు తరతరాలుగా పాఠం చెబుతున్నారు. కొండమీద పొగ చూసి అక్కడ నిప్పుందని ఊహించడం, అంటే అనుమానప్రమాణం, వాళ్ళ ఓనమాలు. దానికి వాళ్ళిచ్చే దృష్టాంతం వంటిల్లు. మహానసం అంటారు. తర్కసంగ్రహం పట్టిన ప్రతివాడూ ఆ వంటింటి గుమ్మం తొక్కినవాడే. అయితే దీన్ని తిరగేసి, నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందని మాత్రం అనగూడదన్నారు. ఎర్రగా కాలిన ఇనపగుండులో నిప్పుంది, పొగ లేదు. మరి పొగ ఎప్పుడొస్తుందయ్యా అంటే, తడికట్టె తోడైనప్పుడు. ఆ తడికట్టె తోడుకు ‘ఉపాధి’ అని పేరు పెట్టారు. ఇంత తెలిసిన పెద్దలు ఆ వంటింట్లో కళ్ళు నులుముకుంటున్న ఆవిడతో ‘అమ్మా, ఎండుకట్టె పెట్టుకో’ అన్న దాఖలా శాస్త్రంలో లేదు. పొగ మానేస్తే దృష్టాంతం చెడుతుందని ఊరుకున్నారు కాబోలు.

ఆ మాట మన కవి రెండో పాదంలో అన్నాడు. అప్పుడే కొట్టిన పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీళ్ళే. ఆ నీళ్ళు ఆవిరయ్యేదాకా మంట తన వేడంతా వాటికే ధారపోస్తుంది, ఎసరు మాత్రం అలాగే చూస్తూ కూచుంటుంది. తేమ 20 శాతానికి దిగితే గానీ దాన్ని పొయ్యిలోకి రానివ్వకూడదు. అందుకు కట్టెను చీల్చాలి, నేల తగలకుండా రాళ్ళమీద పేర్చాలి, పైన వాన పడకుండా, పక్కల గాలి ఆడేలా ఒక వేసవి దాటించాలి. దుంగను దుంగలాగే ఎండలో పడేస్తే బెరడు ఎండుతుంది, లోపల చెమ్మ చెమ్మగానే ఉంటుంది. పరీక్ష సులువు: రెండు కట్టెలు తీసి ఒకదాన్నొకటి తట్టి చూడండి. ఎండినవి ఠంగుమంటాయి, పచ్చివి మొద్దుగా దబ్బుమంటాయి. కోసిన కొసల్లో చీలికలు విచ్చుకుని ఉంటే ఇంకా నమ్మకం. అన్నట్టు, పేర్పులోంచి కట్టె లాగేముందు ఒకసారి కర్రతో తట్టడం మరవకూడదు. తేళ్ళకు, అప్పుడప్పుడు పాములకు కూడా అది సొంతిల్లు.

జాతిభేదం. సరుగుడు, తుమ్మ నిలకడగా మండి మంచి నిప్పులిస్తాయి. కందికంప, పత్తికట్టె రాజెయ్యడానికి బాగుంటాయి, అన్నం ఉడికేదాకా ఉంటాయని నమ్మకూడదు. కొబ్బరిమట్ట చప్పున అంటుకుంటుంది, చప్పున అలుగుతుంది. గన్నేరు కట్టెను పొయ్యి దరిదాపులకు రానివ్వకూడదు, దాని పొగ కూడా విషమే. పాత తలుపులు, రంగులేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు ఊరికే వచ్చాయి కదా అని పొయ్యిలో పెట్టేవాళ్ళున్నారు. ఆ రంగూ ఆ జిగురూ కాలితే వచ్చేది అన్నంలో పడకపోయినా ఊపిరిలో పడుతుంది. కిరసనాయిలు పోసి మంట రగల్చడం గురించి వ్యాఖ్యాత ఏమీ రాయడు. రాయవలసింది పత్రికల్లో జిల్లా వార్తల పేజీలో తరచు వస్తూనే ఉంది.

నిండనీక, గాలి యాడనిచ్చి. తార్కికుల ఉపాధికి కవి చేసిన సవరణ ఇది. ఎండుకట్టె కూడా పొగ కక్కుతుంది. ఎందుకంటే మంటగా కనిపించేది కట్టె కాదు. వేడి తగిలిన కట్టెలోంచి మండే ఆవిర్లు లేస్తాయి. వాటికి గాలి అందితే మంట, అందకపోతే పొగ. పొగ అంటే మండకుండా పారిపోయిన కట్టె అన్నమాట. కొన్నది కొన్నట్టు ఆకాశంలో కలుస్తోంది. కాబట్టి పొయ్యి నోరు సగానికి మించి నింపకూడదు. మణికట్టు లావు మించని చీలికలు మూడో నాలుగో చాలు. అడుగున ఇనప జల్లెడ వేస్తే కింది నుంచి కూడా గాలి అందుతుంది, బూడిద కిందికి రాలిపోతుంది. కట్టెలు బయటికి మూరెడు పొడుచుకు వచ్చేలా పెట్టడం మనవాళ్ళకు అలవాటు. ఆ కట్టె కొసదాకా కాలి నేలమీద పడ్డప్పుడు పక్కన పసిపిల్ల ఉంటుందో, గోనెసంచి ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

గొట్టంబు నిలబెట్టి. మా వైపు పొయ్యిలు వేసే ఒక పెద్దమ్మ పని చేస్తుంటే చూశాం. తొక్కిన మట్టిని రాత్రంతా నాననిచ్చి, మర్నాడు పొయ్యి గోడలు లేపింది. రెండు కన్నాల మధ్య మంట పోయే దారికి అరటిబోదె ముక్క ఒకటి పడుకోబెట్టి దానిమీద మట్టి మెత్తింది. మట్టి కాస్త బిగిశాక బోదెను మెల్లిగా తిప్పుతూ లాగేస్తే లోపల నున్నటి సొరంగం మిగిలింది. ఆరుతున్నప్పుడు వచ్చిన పగుళ్ళలో పల్చటి మట్టి వేలితో పూసింది. గొట్టం నిలబెట్టాక ఒక ఊదుబత్తి వెలిగించి పొయ్యి నోటి దగ్గర పట్టింది. పొగ లోపలికి వంగింది గానీ మళ్ళీ తటపటాయించింది.

‘ఇంకో మూర పెంచాలి బాబూ’ అంది.

‘కప్పు దాటింది కదా పెద్దమ్మా, చాలదా?’

‘కప్పు దాటితే సరా? కొప్పు దాటొద్దూ?’

ఇంతకు మించిన సూత్రం వ్యాఖ్యాతకు ఏ శాస్త్రంలోనూ దొరకలేదు. వేడిపొగ తేలిక కాబట్టి పైకి పోతుంది, నిజమే. గొట్టం ఎత్తయ్యే కొద్దీ ఆ లాగుడు పెరుగుతుంది. కానీ ఇంటి కొప్పుకు తగిలిన గాలి అవతలి వాలులో సుడి తిరిగి కిందికి దిగుతుంది. గొట్టం కొస ఆ సుడిలో ఉంటే పొగను మళ్ళీ ఇంట్లోకే తోస్తుంది. అందుకని కొప్పు మీద కనీసం రెండడుగులైనా లేవాలి. మూడు నాలుగంగుళాల వెడల్పు ఉండాలి, మోచేతి వంపులు ఉండకూడదు, కొసన వాన పడకుండా టోపీ ఉండాలి. పెంకుటింట్లో ఒక పెంకు తీస్తే దారి దొరుకుతుంది. తాటాకిల్లయితే గొట్టం చుట్టూ జానెడు ఎడం విడిచి రేకు కట్టాలి, ఆకు గొట్టాన్ని తాకనే కూడదు.

ఈ గొట్టానికి హైదరాబాదుతో చుట్టరికం ఉంది. అక్కడి ఇంజినీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజు ఒకే మంటమీద ఒకటికి మించి గిన్నెలు పెట్టుకునే, గొట్టమున్న పొయ్యిని రూపొందించి, 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అని ఇంగ్లీషులో ఒక పుస్తకం వేశారు. అంతకు కొంచెం ముందే వార్ధాలోని మగన్‌వాడీ నుంచి మగన్ చుల్హా అనే పొయ్యి వచ్చింది. తర్వాత 1980ల్లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ పథకం పెట్టి, 2002లో ఆపేసేదాకా దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు వేయించింది. వేయించిన పొయ్యిల లెక్క అది. వాటిలో పొగ సరిగా బయటికి పోయినవెన్ని అనేది వేరే లెక్క.

కన్నముల్ మూసినన్. ఇది పద్యంలోకెల్లా సూక్ష్మమైన చోటు. రెండో కన్నం మీద గిన్నె పెట్టకుండా వదిలేస్తే గొట్టం మంటను లాగడం మానేసి ఆ కన్నంలోంచి గదిలోని చల్లగాలిని లాగుతుంది. మంటకు అలుక, ఇంటికి పొగ. రెండో కూర లేకపోతే నీళ్ళ గిన్నె పెట్టండి, ఉచితంగా వేణ్ణీళ్ళు కాగుతాయి. గిన్నె చిన్నదై సందు మిగిలితే తడిమట్టితో కట్టు కట్టండి. తెల్లవారి చల్లబడిన గొట్టం మొదట మొరాయిస్తుంది. అప్పుడు రెండో కన్నంలో ఒక ఎండు తాటాకు వెలిగించి గొట్టం వేడెక్కాక కింద పొయ్యి రాజేస్తే దారి తెలుసుకుంటుంది.

శంక: 1999లో గ్యాస్ కనెక్షన్ల దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్జ్వల వచ్చింది, 14.2 కిలోల సిలిండరు గడప దాకా వస్తోంది, ఇంకా ఈ పద్యం దేనికి? సమాధానం: టీకీ తాలింపుకీ సిలిండరు. స్నానాల నీళ్ళు, గొడ్లకు ఉలవలు, పెళ్ళినాటి వంట, సిలిండరు అయిపోయిన రోజు వంట, వీటికి కట్టే. ఈ మాట అడిగినవారి పెరట్లోనే ఆ పొయ్యి ఉందని మా అనుమానం.

శంక: చలికాలం పొయ్యిలో నిప్పులు కుంపట్లోకి తీసి పడకగదిలో పెట్టుకుంటే? కూడదు. బొగ్గునిప్పుకు పొగ ఉండదు కాబట్టి భయం ఉండదు. అదే దాని మోసం. మూసిన గదిలో అది కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కన్నా సుమారు రెండు వందల రెట్లు గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, వికారం, మగత, ఆ తర్వాత లేవరు. ఇక్కడ తార్కికుల పాఠం పూర్తిగా తిరగబడుతుంది: పొగ లేదు కాబట్టి ముప్పు లేదనుకుని పడుకున్నవాడికి మర్నాడు అనుమానప్రమాణంతో పని ఉండదు.

శంక: పొయ్యి దగ్గర ఏ చీర? నూలుచీర, కొంగు నడుముకు బిగించి. నైలాన్ చీర అంటుకుంటే కరిగి ఒంటికి పట్టేస్తుంది. ఒళ్ళు కాలితే చల్లటి మామూలు నీళ్ళు 20 నిమిషాలు ధారగా పోయాలి. టూత్‌పేస్టు, సిరా, పసుపు పూసి డాక్టరు పని పెంచకూడదు. ఇక పొయ్యిలోంచి తీసిన బూడిదను గడ్డివామి పక్కన పోయకూడదు. పైకి చల్లగా కనిపించినా లోపల కణం మర్నాటిదాకా బతికి ఉంటుంది.

పద్యంలో లోపం ఒకటుంది, దాచడం వ్యాఖ్యాతకు ధర్మం కాదు. గొట్టం నిలబెట్టమన్నాడు, గొట్టం తుడవమనలేదు. మండని పొగ గొట్టం గోడలకు తగిలి చల్లబడి మసిగా, తారులాంటి జిగటగా పేరుకుంటుంది. ముందు దారి ఇరుకై పొగ వెనక్కి తంతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే ఎప్పుడో ఒకనాడు ఆ జిగటే గొట్టంలో అంటుకుని కప్పు మీదికి వస్తుంది. నెలకోసారి గుడ్డమూటకు రాయి కట్టి, తాడుతో పైనుంచి దింపి లాగితే చాలు, పావుగంట పని. ఎవరు ఎక్కాలన్నదే చిక్కు. పొయ్యి ముందు కూచునే ఆవిడ నిచ్చెన ఎక్కదు, నిచ్చెన ఎక్కగలిగినాయన పొయ్యి ముందు కూచోడు. ‘తుడిచి’ అన్న మూడక్షరాలు ఇరికించడానికి ఆటవెలదిలో చోటు లేకపోయిందని కవిపక్షం వాదిస్తుంది. తీసెయ్యడానికి వీలైన మాట పద్యంలో ఏదైనా ఉందా అని మేము వెతికి చూశాం, లేదు. కవి కూడా మగవాడే అయి ఉంటాడని ఆ పొయ్యిలేసే పెద్దమ్మ అభిప్రాయం. వచ్చే ఆదివారం తప్పకుండా ఎక్కుతానని ఇంటాయన అన్నట్టు ఒక పాఠాంతరం కనిపిస్తోంది గానీ, ఏ ఆదివారమో అందులో స్పష్టంగా లేదు.