ఒక్క వేసవి బతుకు

నన్ను తొడుక్కోవడానికే దాదాపు అరగంట పట్టేది. చీలమండ దగ్గర మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి లాక్కోవాలి. గోరు గీరుకుంటే చాలు, చిరిగిపోతాను. వీపు మీద జిప్పు బిగించడానికి ఇంకొకరి సాయం కావాలి. నేను మగ ఈతగాడి పోటీ దుస్తును. భుజాల నుంచి చీలమండల దాకా నిలువెల్లా పాలీయూరిథేన్. 2009లో పుట్టాను.

మా ముత్తాతలు ఉన్నివాళ్లు. నీళ్లు పీల్చి బరువెక్కి ఈతగాణ్ణి కిందికి లాగేవాళ్లు. తర్వాత పట్టు, ఆపైన నైలాన్ వచ్చాయి. గుడ్డ ఎంత తగ్గితే అంత వేగమన్న నమ్మకం పెరిగింది. 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఈతగాడు మార్క్ స్పిట్జ్ ఏడు స్వర్ణాలు గెలిచింది డ్రాయరంత గుడ్డతోనే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఇయాన్ థోర్ప్ ఒళ్లంతా కప్పే నల్ల దుస్తుతో దిగి ఆ లెక్క తిరగేశాడు. 2008లో మా అన్న, స్పీడో వాళ్ల ఎల్‌జెడ్‌ఆర్ రేసర్, వచ్చాడు. ఆ గుడ్డను నాసా గాలి సొరంగంలో పరీక్షించారు. ఆ ఏడు బీజింగ్ ఒలింపిక్స్‌లో మైకేల్ ఫెల్ప్స్ ఎనిమిది స్వర్ణాలు గెలిచినప్పుడు ఒంటిమీద ఉన్నది అతనే.

నాలోంచి నీళ్లు దూరవు. వదులుగా ఊగే కండను బిగించి పడతాను, ఒంటిని పైకి తేలుస్తాను. చివరి యాభై మీటర్లలో అలసిన నడుము కిందికి జారబోతుంది. అప్పుడు దాన్ని నిలబెట్టేది నేనే. ఆ పనంటే నాకెంత ఇష్టమో!

నేను పుట్టిన 2009 వేసవిలో రోమ్ ప్రపంచ ఈత పోటీల్లో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లో జర్మనీకి చెందిన పాల్ బీడర్‌మన్ 1 నిమిషం 42.00 సెకన్లలో ఫెల్ప్స్‌ను ఓడించాడు. అతను వేసుకున్నది మా జాతిదే. గెలుపులో దుస్తుకూ పాలుందని అతనే ఒప్పుకున్నాడు.

ఈదింది మనిషా, బట్టా అని అందరూ అడిగారు. అడగాల్సిన మాటే. కొనగలిగినవాడికీ కొనలేనివాడికీ ఒకే కొలనులో రెండు పందేలు జరగకూడదు. 2010 జనవరి 1 నుంచి మగవాళ్లకు నడుము నుంచి మోకాళ్ల దాకానే, అదీ నేసిన గుడ్డే అని నియమం వచ్చింది. దాని మీద నాకు కోపం లేదు.

నా బాధ వేరు. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు నన్ను పట్టుకున్న చేతులే చివరి పందెం అయ్యాక తడి ఆరకముందే ఉండచుట్టి సంచి అడుగున కుక్కేశాయి. క్లోరిన్ నన్ను లోపల్లోపలే తినేసింది. ఏళ్లు గడిచేకొద్దీ ఒళ్లంతా జిగటెక్కి, మడతకు మడత అతుక్కుపోయింది. మోకాళ్ల వెనక సన్నటి పగుళ్లు లేచాయి. మొన్న ఇల్లు మారుతూ, నన్ను తొడుక్కున్న ఈతగాడు నన్ను బయటికి తీశాడు. మడత విప్పబోతే ఛాతీ దగ్గర పర్రున చిరిగాను. అతను ఒక్క క్షణం చూసి, చెత్తబుట్టలో పడేశాడు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో కూడా ఆ 1:42.00ను ఎవరూ అందుకోలేదు. రికార్డు పుస్తకంలో ఈతగాడి పేరు పక్కన దుస్తు పేరు రాయరు. రాయమని నేనూ అడగను. ఆ చివరి పందెం రోజు ఒక్కసారి మంచినీళ్లలో జాడించి నీడన ఆరేసి ఉంటే బాగుండేది.